చేతితో తిప్పే కీమా మిషన్: ధాన్యం లేని కోడి బర్గర్ల కోసం ఎనిమిది వారాల వాడకం

పదో నంబరు చేతి కీమా మిషన్‌ను రెండు నెలల క్రితం బేగంబజార్‌లో 1,650 రూపాయలకు కొన్నాను. అప్పటినుంచి వారానికి ఒకటి రెండుసార్లు దానితో కోడిమాంసం తిప్పి, గోధుమ, బియ్యం, మొక్కజొన్న, రవ్వ వంటివేవీ తగలని కారపు బర్గర్లు ఇంట్లోనే చేస్తున్నాను. ఈ సమీక్ష మిషన్ గురించే అయినా, అది చేయవలసిన పని ఏమిటో చెప్పకుండా దాని మంచిచెడ్డలు చెప్పడం కుదరదు కనుక వంట సంగతి కూడా కొంత విపులంగానే రాస్తున్నాను.

మా అబ్బాయికి సీలియాక్ జబ్బు ఉందని రెండేళ్ల క్రితం తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళితే వాడి చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. జీవితాంతం వాటికి దూరంగా ఉండడం తప్ప వేరే దారి లేదని వైద్యులు చెప్పారు. వాడు అన్నం తినవచ్చు, జొన్నరొట్టె కూడా తినవచ్చు. అయితే మా అత్తగారికి మధుమేహం ఉండడంతో ఆవిడ రాత్రిపూట అన్నం, రొట్టె రెండూ మానేశారు. ఒకరికి గోధుమ పనికిరాదు, మరొకరికి రాత్రి ఏ పిండీ వద్దు. ఇద్దరికీ కలిపి ఒక్కటే వంట చేయాలంటే ధాన్యం ఊసే లేని పదార్థం ఒకటి కావాలి. దానికితోడు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడికి రంజాన్ నెల ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీమ్‌ను అందరూ మాంసం వంటకంగానే తలుస్తారు గానీ, అందులో మాంసంతో పాటు గంటల తరబడి ఉడికి కలిసిపోయేది గోధుమే. వీధి మొదట్లో బట్టీ పెట్టిన రోజునుంచి వాడు ఆ దారిన వెళ్లడం మానేస్తాడు.

మిషన్ కొనకముందు మూడు మార్గాలు చూశాను. బజారులో దొరికే చికెన్ ప్యాటీల పెట్టెలను వెనక్కి తిప్పి చదివితే, నేను చూసినంతలో ప్రతిదానిలోనూ బ్రెడ్ పొడి, మైదా, మొక్కజొన్న పిండిలో ఏదో ఒకటి ఉంది. గ్లూటెన్ రహితమని మన దేశంలో అచ్చు వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు; ఆ ముద్ర ఉన్న ప్యాటీ నాకు మా పరిసరాల దుకాణాల్లో ఎక్కడా కనబడలేదు. రెండో మార్గం చికెన్ దుకాణంలో కీమా కొట్టించడం. మేము మామూలుగా వెళ్లే దుకాణంలో ఆదివారం నాడు వరుసలో ముప్పై మంది ఉంటారు. ముక్కలను నీళ్లలో ముంచి తీసి, అదే తడితో మొద్దు మీద కొట్టి సంచిలో పోస్తారు. ఆ కీమా కూరకు బాగానే ఉంటుంది కానీ, ఉండ చేసి పెనం మీద వేస్తే నీరు వదిలి విడిపోతుంది. పిండి కలపని ఇంట్లో ఆ నీటిని పీల్చుకునేది ఏదీ లేదు. మూడోది మిక్సీ. దాని కత్తులు మాంసాన్ని కోయడం కంటే చితకడం ఎక్కువ. అర నిమిషం తిరిగేసరికి మాంసం వేడెక్కి, తెల్లగా పాలిపోయి, గారెలపిండిలా తయారవుతుంది. కాల్చిన తర్వాత దాన్ని నములుతుంటే రబ్బరు గుర్తుకు వస్తుంది.

ఇక మిషన్ సంగతి. పోత ఇనుముతో చేసి పైన కళాయి పూసిన ఈ వస్తువు మన పాత జంతికల గొట్టానికి దూరపు చుట్టం లాంటిది. పైన మాంసం వేసే గిన్నె, లోపల మెలికలు తిరిగిన మర, దాని చివర నాలుగు రెక్కల కత్తి, కత్తికి ఎదురుగా రంధ్రాల బిళ్ళ, వీటన్నిటినీ బిగించి పట్టుకునే గుండ్రటి మూత, వెనుక చేతి పిడి, కింద బల్లకు బిగించే మరమేకు: ఇంతే. బిళ్ళను అక్కడివారు జాలీ అంటారు. నాకు రెండు జాలీలు ఇచ్చారు. ఒకదాని రంధ్రం సుమారు 8 మిల్లీమీటర్లు, రెండోదానిది 4.5 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినది కూడా అదే దుకాణంలో ఉంది గానీ దాని ధర రెట్టింపు పైనే చెప్పారు. నంబరు పెరిగిన కొద్దీ గిన్నె, జాలీ పెద్దవవుతాయి. 22, 32 నంబర్లవి హోటళ్లకు. నలుగురైదుగురు ఉన్న ఇంటికి 8 గానీ 10 గానీ చాలు.

మొదటి రోజు పని పూర్తిగా చెడింది, ఆ తప్పు నాదే. కత్తికి ఒకవైపు చదునుగా, పదునుగా ఉంటుంది. రెండోవైపు మధ్యలో ఉబ్బుగా ఉంటుంది. చదును వైపు జాలీకి ఆనుకోవాలి. అప్పుడే మర తోసిన మాంసం రంధ్రంలోకి దూరబోతుండగా కత్తి దాన్ని కత్తెరలా తెంపుతుంది. నేను తిరగేసి పెట్టాను. పిడి ఎంత తిప్పినా బయటికి రావలసినది రాక, పక్కలనుంచి గులాబీ రంగు ముద్ద కారడం మొదలైంది. ఎనిమిది నిమిషాల తర్వాత మూత విప్పి చూస్తే తెల్లటి నరాలన్నీ కత్తి చుట్టూ దారపు ఉండలా చుట్టుకుని ఉన్నాయి. మిషన్‌తో వచ్చిన కాగితంలో కత్తి ఏ వైపు ఉండాలో ఒక్క ముక్క కూడా లేదు, బొమ్మా లేదు. ఇది చిన్న లోపం కాదు. ఇదొక్కటి తెలియక ఎంతమంది ఈ మిషన్లను అటక మీదికి ఎక్కించి ఉంటారో అనిపించింది.

కత్తిని సరిచేసిన తర్వాత కూడా పని నేననుకున్నంత సాఫీగా సాగలేదు. కారణం వెతికితే కత్తి అంచు, జాలీ ముఖం ఒకదానికొకటి పూర్తిగా ఆనడం లేదు. రెండింటినీ కలిపి పట్టుకుని దీపం వైపు చూస్తే ఒక రెక్క కింద సన్నటి వెలుతురు గీత కనిపించింది. బేగంబజార్‌కు మళ్లీ వెళ్లాను. ఆదివారం అక్కడ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కనుక సోమవారం సెలవు పెట్టి, ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి, ఆ ఇరుకు సందుల్లో సంచి మోసుకుంటూ పోవలసి వచ్చింది. దుకాణదారు మరలు అరిగిన గుండ్రటి మూతను మాత్రం మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. కత్తి దగ్గరకు వచ్చేసరికి, “అది వాడగా వాడగా తనే కూర్చుంటుందమ్మా” అని తేల్చేశారు. కూర్చోలేదు. చివరికి మా వీధిలోకి సైకిల్ మీద వచ్చే సాన పట్టే మనిషి కత్తిని, జాలీని రాతి మీద చదునుగా రుద్ది, ఎనభై రూపాయలు తీసుకుని ఆ వెలుతురు గీతను మూసేశారు. ఆ రోజునుంచి మిషన్ తీరే మారిపోయింది. ఎదురు ఒత్తిడి లేకుండా పిడి తిరుగుతుంది, మాంసం పోగులు పోగులుగా, దేనికది విడిగా పళ్లెంలో పడుతుంది.

బిగింపు గురించి కూడా చెప్పాలి. అపార్ట్‌మెంట్ వంటింట్లో ఈ మిషన్‌కు చోటు దొరకడం కష్టం. గ్రానైట్ గట్టు అంచు మందంగా ఉంటుంది, దాని కిందనే సొరుగులు ఉంటాయి. మరమేకు పట్టుకోవడానికి సందు ఉండదు. బలవంతంగా బిగిస్తే రాయి అంచు పెచ్చు లేస్తుంది. నేను పాత టేకు స్టూలుకు బిగించి, దాన్ని రెండు కాళ్ల మధ్య పట్టుకుని, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటున్నాను. మా ఇంట్లో గోధుమ మానేశాక మూలన పడి ఉన్న చపాతీ పీటను గీకి, వేడినీటితో కడిగి, ఎండబెట్టి, మిషన్ నోటి కింద పళ్లేనికి ఎత్తుగా పెడుతున్నాను. నడుము నొప్పి ఉన్నవారికి మాత్రం ఈ ఏర్పాటు పనికిరాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: పిండి, బ్రెడ్ లేకుండా బర్గర్ విడిపోకుండా ఎలా నిలుస్తుంది? మాంసమే మాంసాన్ని పట్టుకుంటుందన్నది ఈ ఎనిమిది వారాల్లో నాకు స్పష్టంగా అర్థమైన విషయం. తిప్పిన మాంసంలో ఉప్పు వేసి పిసికితే అందులోని మయోసిన్ అనే మాంసకృత్తు కరిగి జిగురుగా పైకి వస్తుంది. వేడి తగిలినప్పుడు అదే గట్టిపడి ముక్కలన్నిటినీ కలిపి ఉంచుతుంది. దీనికి రెండు షరతులు ఉన్నాయి. మాంసం చల్లగా ఉండాలి, తడి లేకుండా ఉండాలి. అందుకే ముక్కలను, మిషన్ లోపలి మరను, జాలీని కూడా నలభై నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి, ముక్కల అంచులు గట్టిపడ్డాక తిప్పుతాను. చల్లగా లేకపోతే కొవ్వు మెత్తబడి కత్తికి పూసుకుంటుంది, తెగదు.

తడి విషయంలో మాత్రం మా అత్తగారితో రాజీ పడవలసి వచ్చింది. పచ్చి కోడిని కుళాయి కింద కడిగితే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు నీటి తుంపరలతో గట్టంతా పడతాయనీ, ఉడికించడమే వాటికి సరైన విరుగుడనీ ఆవిడకు చెప్పి చూశాను. “పసుపు, ఉప్పు వేసి కడగని కోడి నా కంచంలోకి రాదమ్మా” అని ఆవిడ ఒక్క మాటలో ముగించారు. చివరికి కుళాయి కింద కాకుండా గిన్నెలో నెమ్మదిగా కడిగి, చిల్లుల గిన్నెలో గంటసేపు వార్చి, శుభ్రమైన గుడ్డతో అద్ది, ఆ తర్వాతే ఫ్రీజర్‌లో పెడుతున్నాను. ఆ గుడ్డ నేరుగా వేడినీటిలోకి పోతుంది.

మాంసం ఎంపికకు వస్తే, దుకాణంలో బోన్‌లెస్ అని అడిగితే చేతికిచ్చేది రొమ్ము మాంసం. అందులో కొవ్వు తక్కువ, కాలిస్తే పొడిబారుతుంది. లెగ్ బోన్‌లెస్ అని విడిగా అడిగి, కొద్దిగా చర్మం కూడా ఉంచమనాలి. కిలో తొడ మాంసానికి నేను వేసే ఉప్పు 12 గ్రాములు. కారానికి రెండు రకాల ఎండుమిర్చి: ఎరుపు రంగు కోసం వరంగల్ చపాటా, మంట కోసం గుంటూరు సన్నం. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన చపాటాకు రంగు ఎక్కువ, కారం తక్కువ. అదొక్కటే వేస్తే చూడడానికి భయపెట్టి తినడానికి చప్పగా ఉంటుంది. చపాటా నాలుగు, సన్నం ఎనిమిది తొడిమలు తీసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, గట్టిగా పిండుతాను. మొదట పెద్ద జాలీతో మాంసం ఒక్కటే తిప్పుతాను. రెండోసారి చిన్న జాలీతో తిప్పేటప్పుడు ఈ మిర్చి, ఆరు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం, పది వెల్లుల్లి రెబ్బలు మాంసంతో కలిపి గిన్నెలో వేస్తాను. మిషన్ నాకు బాగా నచ్చింది ఇక్కడే. మిక్సీలో ముద్దగా మారిపోయే మిర్చి ఇందులో చిన్నచిన్న తునకలుగా మిగిలి, కొరికినప్పుడల్లా అక్కడక్కడ వేరుగా తగులుతుంది. కారం ఒకేసారి మీద పడకుండా ఆగి ఆగి వస్తుంది.

తర్వాత దోరగా వేయించి పొడి చేసిన గసగసాలు రెండు చెంచాలు, గరం మసాలా, కొత్తిమీర, పుదీనా, ఇంట్లో వేయించిన ఉల్లిపాయ కలుపుతాను. ఇంట్లో వేయించినదని ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. పొట్లాల్లో దొరికే వేయించిన ఉల్లిపాయకు కరకరలాడడానికి పిండి పట్టించడం మామూలే. ఇంగువ కూడా అంతే: డబ్బాలో వచ్చే ఇంగువ చాలావరకు మైదా గానీ మరో పిండి గానీ కలిపినదే. కోడిలో ఇంగువ ఎవరు వేస్తారని అడగవచ్చు, మా అత్తగారు వేస్తారు. హైదరాబాదీ షికంపురి కబాబుల్లో పట్టు కోసం శనగపప్పు వేస్తారు, పుట్నాల పొడితో చేసేవారూ ఉన్నారు. పప్పు గ్లూటెన్ లేనిదే కనుక మా అబ్బాయికి ఇబ్బంది లేదు. కానీ శనగలు, పెసలు, మినుములు కూడా నవధాన్యాల్లోనివే కదా, మన లెక్కలో ధాన్యం లేదనాలంటే పప్పు కూడా ఉండకూడదని మా అత్తగారు పట్టుబట్టారు. ఆ మాటతో శనగపప్పు తప్పించాను. తప్పించినా నష్టమేమీ కాలేదు. షికంపురి పద్ధతిలో ఒకటి మాత్రం ఉంచుకున్నాను: నీరు వార్చిన గట్టి పెరుగులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పుదీనా కలిపి ఒక్కో బర్గర్ మధ్యలో చెంచాడు పెట్టి మూసేస్తాను.

అన్నీ వేశాక అయిదు నిమిషాలు చేత్తో పిసకాలి. ముద్ద వేళ్లకు అంటుకుని, గిన్నె ఎత్తితే గిన్నెతోపాటు లేచేటంత జిగురు రావాలి. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 110 గ్రాముల చొప్పున ఉండలు చేసి, రెండు సెంటీమీటర్ల మందాన తట్టి, నడిమిలో బొటనవేలితో చిన్న గుంట నొక్కుతాను. లేకపోతే కాలేటప్పుడు గారెలా ఉబ్బుతుంది. దోసెల ఇనుప పెనం మీద మధ్యస్థమైన మంటపై ఒక్కో వైపు అయిదు నిమిషాలు. మొదటి మూడు నిమిషాలు అట్లకాడ తగిలించకూడదు; అడుగు ఎర్రబడిన తర్వాత అదే పెనాన్ని వదులుతుంది. ఉష్ణమాపి పుల్ల గుచ్చి మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తేనే దించుతాను. కోడిలో రంగు చూసి ఉడికిందని నమ్మడం మంచిది కాదు, అందులోనూ ఇంత ఎర్ర మిర్చి వేసినప్పుడు.

బన్ను స్థానంలో అబ్బాయికి అడ్డంగా కోసి పెనం మీద కాల్చిన లావు చిలగడదుంప చక్రాలు, అత్తగారికి అర నిమిషం వేడినీటిలో ముంచి తీసిన క్యాబేజీ ఆకు. చిలగడదుంప తీపికి, మిర్చి మంటకు జత బాగా కుదురుతుంది. క్యాబేజీ ఆకు బాగా ఉందని చెప్పలేను. చేతిలో పట్టుకుని తినడానికి ఒక సాధనం, అంతవరకే.

నాటుకోడితో కూడా రెండుసార్లు చూశాను. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి జాతుల కోళ్లు నగర శివార్లలో దొరుకుతాయి; తెలిసినవారి ద్వారా ఒకటి తెప్పించాను. రుచి గొప్పగా ఉంది, మిషన్‌కు మాత్రం చుక్కలు కనిపించాయి. ప్రతి పావుకిలోకూ ఆపి, మూత విప్పి, కత్తికి చుట్టుకున్న నరాలు తీయవలసి వచ్చింది. కొవ్వు లేక బర్గర్లు పొడిబారాయి. మూడో వంతు బ్రాయిలర్ తొడ మాంసం కలిపితే రెండు ఇబ్బందులూ తగ్గాయి. ఊరికే నాటుకోడి అయితే దాన్ని పులుసుకే వదిలేయడం మంచిది.

శుభ్రం చేయడం ఈ వస్తువుతో వచ్చే పెద్ద పని. పని చివర మరలో మిగిలిపోయిన మాంసాన్ని తోయడానికి బ్రెడ్ ముక్క వేసి తిప్పమని దుకాణదారు చెప్పారు. మా ఇంట్లో ఆ చిట్కా పనికిరాదు కనుక సగం ఉల్లిపాయ వేస్తున్నాను, పని అంత బాగానూ అవుతోంది. భాగాలన్నీ విప్పి, వేడినీటిలో సబ్బుతో తోమి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పొయ్యి పక్కన ఆరబెట్టి, వేరుశనగ నూనె పట్టించాలి. ఒక రాత్రి బద్ధకించి సింకులో వదిలేస్తే తెల్లారేసరికి కత్తి మీద తుప్పు చుక్కలు లేచాయి. కళాయి కూడా గిన్నె అంచున ఒకచోట లేవడం మొదలైంది. రెండు నెలలకే అలా జరగడం నాకు నచ్చలేదు. తిప్పడానికి పన్నెండు నిమిషాలు, కడగడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. కిలో కంటే తక్కువ మాంసానికి దీన్ని బయటికి తీయడం దండగ. నేను ఒకేసారి కిలోన్నర తిప్పి, సగం ఉండలను మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో దాస్తున్నాను.

ఇన్ని చిరాకులున్నా నేను దీన్ని మళ్లీ కొంటాను. డబ్బు ఉంటే స్టీలుది కొంటాను. మొన్న రంజాన్‌లో ఒక సాయంత్రం బర్గర్ మీద వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం వేసి ఇస్తే మా అబ్బాయి మొదటి ముక్క కొరికి, ఏమీ అనకుండా రెండోది కూడా తీసుకున్నాడు. హలీమ్ రుచి రాలేదు, వస్తుందని నేనూ అనుకోలేదు.

పక్కింటి వదినగారు ఈ వాసన పట్టుకుని మిషన్ ఒక పూట ఇమ్మని అడిగారు. ఆవిడ కీమాలో బ్రెడ్ కలిపి తిప్పుతారు. మర మెలికల్లో, గుండ్రటి మూత మరల్లో ఇరుక్కునే పొడి ఎంత కడిగినా పోయిందని నేను నమ్మలేను. ఇవ్వలేనని చెప్పడానికి మొహమాటపడి, కారణం చెప్పి, మరుసటి సోమవారం ఆవిడను వెంటబెట్టుకుని బేగంబజార్‌కు వెళ్లాను. గల్లాపెట్టె దగ్గర డబ్బు ఇవ్వకముందే కత్తి, జాలీ విప్పించి, రెండింటినీ కలిపి ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని చూశాం. దుకాణదారు విసుక్కుంటూనే నాలుగు మిషన్లు విప్పి చూపించారు. వెలుతురు దూరనిది మూడోది. వదినగారు దాన్నే తీసుకున్నారు.